ఆరు గ్రాముల్లో ఎకరం

కొత్త చెప్పుల పెట్టె తెరవగానే మనం చేసే మొదటి పని, మూలన ఇరుక్కున్న చిన్న తెల్ల పొట్లాన్ని తీసి చెత్తబుట్టలో పడేయడం. ‘తినకూడదు’ అని దాని మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది కాబట్టి పిల్లలున్న ఇళ్ళలో దానికి విషప్పొట్లమన్న పేరు కూడా పడింది. నిజానికి అందులోని తెల్ల గుళ్ళు విషం కావు. పసివాళ్ళ గొంతులో అడ్డం పడతాయన్నదే అసలు భయం. అంత ఆలోచించి, అంత కొలిచి చేసిన వస్తువు మన ఇంటికి వచ్చే సరుకుల్లో అరుదు. చాలాసార్లు పెట్టెలో ఉన్న చెప్పుల కంటే ఆ పొట్లంలోనే పనితనం ఎక్కువ.

పొట్లం చింపి చూస్తే సన్నటి గుళ్ళు, కాస్త పాలు కలిసినట్టు మసక తెలుపు. వీటికి సిలికా జెల్ అని పేరున్నా వేలికి జిగురు తగలదు, తడి తగలదు. నది ఒడ్డున ఉండే ఇసుక ఏ పదార్థమో ఇవీ ఆ పదార్థమే, సిలికాన్ డయాక్సైడ్. తేడా అంతా లోపలి నిర్మాణంలో ఉంది. ఇసుక రేణువులో పరమాణువులు బారులు తీరి గట్టిగా అతుక్కుని ఉంటాయి. జెల్ గుళికలో ఆ వరస లేదు. సందులు, గొందులు, వాటిలోంచి చీలిన ఇంకా సన్నటి సందులు. ఆ సందుల గోడలన్నీ విప్పి నేల మీద పరిస్తే, ఒక్క గ్రాముకు సుమారు 700 చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో ఎనిమిది వందల గజాల పైమాటే. ఆరు గ్రాములు తూస్తే ఎకరం. హైదరాబాదు శివార్లలో ఎకరం ధర తెలిసిన వాళ్ళెవరూ ఆ పొట్లాన్ని అంత తేలిగ్గా పారేయలేరు.

గాలిలోని నీటి ఆవిరి పట్టుకునేది ఆ గోడలనే. గోడల నిండా నీటిని ఇష్టపడే హైడ్రాక్సిల్ జట్లు ఉంటాయి. మొదట వచ్చిన నీటి అణువులు వాటికి అతుక్కుంటాయి. ఆ పొర మీద ఇంకో పొర. సందు వెడల్పు సుమారు రెండున్నర నానోమీటర్లు, అంటే ఎనిమిదో తొమ్మిదో నీటి అణువులు పక్కపక్కన పడితే నిండిపోయేంత ఇరుకు. అంత ఇరుకులో ఒక వింత జరుగుతుంది. బయట గాలి మంచు కురిసేంత తడిగా లేకపోయినా, లోపల ఆవిరి తనంతట తానే నీరుగా మారి నిలిచిపోతుంది. ఇరుకు గొట్టాల్లో ఆవిరి త్వరగా నీరవుతుందన్న సంగతిని లార్డ్ కెల్విన్ 1871లోనే లెక్క కట్టి చూపించాడు. గాలి బాగా తేమగా ఉన్నచోట ఈ గుళ్ళు తమ బరువులో మూడో వంతుకు పైగా నీటిని పట్టగలవు. అంత తాగిన గుళికను చేతిలోకి తీసుకుంటే పొడిగానే ఉంటుంది. ఉబ్బదు, కారదు, మెత్తబడదు. నాకు అన్నిటికంటే నచ్చే గుణం ఇదే. ఉప్పు కూడా తేమ లాగుతుంది, కానీ ముసురు పట్టిన నాలుగు రోజులకే తానే నీరుకారి డబ్బా అడుగున మడుగు కడుతుంది.

దీన్ని తయారుచేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నవాడు వాల్టర్ పాట్రిక్. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెప్పేవాడు. పేటెంటు 1919 నాటిది. అంతకుముందే, మొదటి ప్రపంచ యుద్ధంలో, విషవాయువుల నుంచి సైనికులను కాపాడే ముసుగుల డబ్బాల్లో ఈ పదార్థానికి పని దొరికింది. రెండో యుద్ధం నాటికి పెన్సిలిన్‌ను పొడిగా ఉంచడానికి, ఓడల్లో దేశాలు దాటే యుద్ధ పరికరాలు తుప్పు పట్టకుండా చూడడానికి వాడారు. చెప్పుల పెట్టెలోకి రావడం ఆ తర్వాతి కథ.

తయారీ వినడానికి సులువు. సోడియం సిలికేట్ ద్రావణంలో సల్ఫ్యూరిక్ ఆమ్లం కలుపుతారు. కాసేపటికి ద్రవం గడ్డకడుతుంది. ఆ గడ్డ బరువులో ఎక్కువ భాగం నీళ్ళే. దాన్ని కడిగి, అందులో మిగిలిన సోడియం సల్ఫేట్ ఉప్పు పోగొట్టి, ఆరబెడతారు. నేర్పంతా ఆ కడగడంలో ఉంది. ఆమ్ల గుణం ఉన్న నీటితో కడిగితే సందులు సన్నగా నిలుస్తాయి. క్షార గుణం ఉన్న వేడినీటిలో నానబెడితే సందులు వెడల్పవుతాయి, గోడల విస్తీర్ణం తగ్గుతుంది. సన్న సందుల రకం, గాలిలో తేమ తక్కువగా ఉన్నప్పుడు కూడా వదలకుండా లాగుతుంది. వెడల్పు సందులది తేమ బాగా పెరిగితే గానీ కదలదు, కదిలాక మాత్రం ఎక్కువ పడుతుంది. ముడిసరుకు ఒకటే, పాత్రలూ అవే, కడిగిన నీళ్ళను బట్టి రెండు వేరువేరు సరుకులు. ఆరబెట్టేటప్పుడు నీరు పోతూ పోతూ గోడలను దగ్గరికి లాగుతుంది కనుక గడ్డ బాగా కుంచించుకుపోతుంది. ఎంత వేగంగా ఆరబెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నది ఫ్యాక్టరీవాళ్ళ చేతి విద్య.

గుండ్రటి గుళ్ళు కావాలంటే, ఇంకా గడ్డకట్టని ద్రవాన్ని నూనెలోకి చుక్కలుగా వదులుతారు. చుక్క కిందికి దిగేలోపే గుండ్రంగా గట్టిపడుతుంది. గడ్డను పగలగొట్టి చేసిన పలుకుల కంటే ఈ గుళ్ళు ఖరీదు. పలుకుల అంచులు రాసుకుని పొడి రాలుతుంది, గుళ్ళకు ఆ బాధ తక్కువ. కెమెరా లెన్సు పక్కన, ఎలక్ట్రానిక్ పలకల పక్కన ఆ పొడి తేమ చేసే నష్టమంత నష్టమూ చేయగలదు.

ఇక పొట్లం. అది నీటి ఆవిరిని లోపలికి రానివ్వాలి, గుళ్ళ పొడిని బయటికి పోనివ్వకూడదు. చిరగకూడదు, కుట్టు ఊడకూడదు, పక్కనున్న సరుకుకు ఏ రంగూ వాసనా అంటించకూడదు. మంచి రకం పొట్లాలకు టైవెక్ అనే బట్టలాంటి కాగితం వాడతారు. సన్నటి పాలిథిలిన్ పోగులను అడ్డదిడ్డంగా పరిచి, వేడితో అతికి చేసింది. చేత్తో చింపబోతే లొంగదు. ఆవిరి దాటుతుంది, నీరు దాటదు, పొడి దాటదు. చవక రకాలకు మామూలు కాగితమే దిక్కు. కాగితపు పొట్లం అంచు విడిపోయి గుళ్ళు పెట్టెంతా దొర్లుతూ కనిపిస్తే తప్పు గుళ్ళది కాదు.

ఎంత బరువు పొట్లం వేయాలన్న లెక్కలోనే ఈ విద్యలోని అందం బయటపడుతుంది. అమెరికా సైన్యం వస్తువులు కట్టే పద్ధతుల్లో ‘యూనిట్’ అని ఒక కొలత పెట్టుకుంది. 25 డిగ్రీల వేడిలో, గాలి తేమ 20 శాతం ఉన్నప్పుడు కనీసం 3 గ్రాములు, 40 శాతం ఉన్నప్పుడు కనీసం 6 గ్రాముల నీటిని పట్టగలిగే సరుకు ఒక యూనిట్. అందులో ఉన్నది సిలికా జెల్ అయినా బంకమన్ను అయినా వాళ్ళకు పట్టదు. బరువు చూడరు, పని చూస్తారు. కొనేవాడికి ఇంతకంటే నిజాయితీ గల కొలత దొరకదు.

ఆ లెక్క వేసేటప్పుడు చాలామంది పెట్టెలో ఉన్న గాలి గురించే ఆలోచిస్తారు. గాలిలో ఉండే నీరు నిజానికి తక్కువ. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమతో ఉన్న ఒక ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీరు ఉంటుంది, అంతే. అదే పెట్టెలో పదిశాతం తేమ ఉన్న చెక్క పది కిలోలు పెడితే, ఆ చెక్కలో కిలో నీరు కూర్చుని ఉంది! అట్ట, కాగితం, గడ్డి, గోనె అన్నీ ఇదే కోవ. పైన కట్టిన ప్లాస్టిక్ పొర గుండా రోజూ కొంత ఆవిరి లోపలికి ఊరుతూనే ఉంటుంది. అందుకే తెలిసినవాళ్ళు పెట్టె ఘనపరిమాణం కంటే ముందు రెండు సంగతులు అడుగుతారు. చుట్టిన పొర విస్తీర్ణం ఎంత? లోపల పెట్టిన చెక్కా అట్టా బరువు ఎంత? పొర మంచిది వేసి, చెక్కను ముందే ఆరబెట్టుకుంటే చిన్న పొట్లం చాలు. ఆ రెండూ మానేసి గుప్పెడు పొట్లాలు కుమ్మరించినా డబ్బు దండగే.

ఈ గుళ్ళను ఎంత మెచ్చుకున్నా, అన్నిచోట్లా ఇవే గెలుస్తాయనడం అబద్ధం. గుంటూరు మిర్చి బస్తాలతో నింపిన ఓడ కంటైనర్‌ని తీసుకోండి. పది టన్నుల మిర్చిలో పది శాతం తేమ అంటే టన్ను నీళ్ళు. పగలు ఎండకు ఇనప పైకప్పు కాలి, బస్తాల్లోంచి ఆవిరి లేస్తుంది. రాత్రి ఇనుము చల్లబడి ఆ ఆవిరి కప్పుకు చెమటగా పట్టి, చుక్కలుగా మళ్ళీ బస్తాల మీదే పడుతుంది. పై వరస బస్తాలకు బూజు పట్టేది అలాగే. అక్కడ కాల్షియం క్లోరైడ్ సంచులను వేలాడదీస్తారు. అది తన బరువును మించి నీరు తాగుతుంది. తాగి కరిగిపోతుంది కాబట్టి మళ్ళీ పనికిరాదు, సంచి చిరిగితే సరుకుకే ముప్పు. పెద్ద పనికి మోటు మనిషి.

సిలికా జెల్ అసలు సొగసు చూడాలంటే మందుల సీసాలు చూడాలి. మన దగ్గర మాత్రలు ఎక్కువగా స్ట్రిప్పుల్లోనే అమ్ముతారు కనుక, అమెరికా నుంచి పిల్లలు తెచ్చే విటమిన్ సీసాల్లోనే చాలామంది వీటిని చూసి ఉంటారు. మాత్రల మధ్య చిన్న గట్టి గొట్టం ఒకటి ఉంటుంది. పొట్లం కాకుండా గొట్టమే ఎందుకు? సీసాలు నింపే యంత్రం దాన్ని సులువుగా జారవిడవగలదు. మాత్ర అనుకుని ఎవరూ మింగలేని సైజులో చేయవచ్చు. చిరిగిపోయే ప్రసక్తి ఉండదు. ఆస్పిరిన్ తేమ తగిలితే విడిపోయి సాలిసిలిక్ ఆమ్లం, అసెటిక్ ఆమ్లం అవుతుంది. పాత ఆస్పిరిన్ సీసా మూత తీస్తే వెనిగర్ వాసన కొట్టేది అందుకే.

నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే మాత్రల గొట్టం ఇంకా ముచ్చటైనది. ఆ మాత్రలో సిట్రిక్ ఆమ్లం, సోడియం బైకార్బొనేట్ పక్కపక్కనే ఉంటాయి. కాస్త తేమ తగిలిందా, రెండూ కలబడతాయి. కలబడితే గ్యాసుతో పాటు నీరూ పుడుతుంది. ఆ నీరు పక్క పలుకుల్లో ఇంకో కలబాటు మొదలుపెడుతుంది. ఒక చుక్కతో మొదలైన గొడవ తనకు కావలసిన నీటిని తానే పుట్టించుకుంటూ మాత్రంతా పాకుతుంది. కాబట్టి మొదటి చుక్కనే ఆపాలి. అందుకోసం ఎండబెట్టే గుళ్ళను మూత లోపలే దాచారు. మూత కింద ఒక ప్లాస్టిక్ స్ప్రింగు కూడా ఉంటుంది, మాత్రలు కదిలి విరగకుండా. రోజూ ఒక మాత్ర తీయడానికి మూత తీసి పెడుతూనే ఉంటాం, ప్రతిసారీ బయటి గాలి లోపలికి పోతూనే ఉంటుంది. ఆఖరి మాత్ర దాకా వచ్చే ఆ తడినంతా ముందే లెక్కగట్టి గుళ్ళ బరువు నిర్ణయిస్తారు.

ఎక్కువ వేస్తే ఏం పోయింది అనిపించవచ్చు. పోతుంది. జెలటిన్ క్యాప్సూల్ తొడుగులో మామూలుగా 13 నుంచి 16 శాతం నీరు ఉండాలి. సీసాలో గుళ్ళు అవసరానికి మించి ఉంటే ఆ నీటిని కూడా లాగేస్తాయి. తొడుగు పెళుసై, వేలితో నొక్కగానే పగిలి మందు రాలిపోతుంది. తేమ తక్కువైనా చెడే వస్తువులు ఉన్నాయన్న సంగతి మ్యూజియం వాళ్ళకు బాగా తెలుసు. తాళపత్రం తడిస్తే బూజు పడుతుంది, మరీ ఎండితే విరుగుతుంది. లండన్ నేషనల్ గ్యాలరీలో శాస్త్ర సలహాదారుగా పనిచేసిన గ్యారీ థామ్సన్ 1970ల్లో దీనికి లెక్క తేల్చాడు. గుళ్ళను ముందే 50 శాతం తేమ ఉన్న గాలిలో ఉంచి, ఆ తేమకు అలవాటు చేసి, అద్దాల పెట్టె అడుగున పరుస్తారు. పెట్టెలో తేమ పెరిగితే గుళ్ళు తీసుకుంటాయి, తగ్గితే తిరిగి ఇస్తాయి. ఒక ఘనపు మీటరు పెట్టెకు 20 కిలోల గుళ్ళు కావాలన్నాడు. కరెంటు లేదు, యంత్రం లేదు, చప్పుడు లేదు. ఎండబెట్టడానికి పుట్టిన వస్తువును ఇచ్చిపుచ్చుకునేలా మలచడం నా దృష్టిలో ఈ విద్యలోకెల్లా నాజూకైన ఆలోచన.

ఇంట్లో వాడుకునే వాళ్ళకు మూడే మాటలు. తలుపు గట్టిగా పడని బీరువాలో పొట్లాలు వేయడం వృథా, ఊళ్ళో తేమనంతా అవి తాగలేవు. చెప్పుల పెట్టెల్లోంచి పోగేసి డ్రాయర్‌లో పెట్టుకున్నవి ఎప్పుడో నిండిపోయి ఉంటాయి, తూకం వేస్తే రాసిన బరువు కంటే ఎక్కువ తూగుతాయి. తెల్ల గుళ్ళను పొట్లంలోంచి తీసి, స్టీలు పళ్ళెంలో పరిచి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర ఒకటి రెండు గంటలు వేడి చేస్తే నీరు వదిలి మళ్ళీ కొత్తవవుతాయి. పొట్లంతో సహా పెడితే పొట్లం పాడైపోవచ్చు.

నీలం గుళ్ళ సంగతి వేరు. వాటికి కోబాల్ట్ క్లోరైడ్ పూస్తారు. పొడిగా ఉంటే నీలం, నీరు తాగితే గులాబీ. చూపుకు ఇంత సులువైన సూచిక ఇంకోటి లేదు. కానీ కోబాల్ట్ క్లోరైడ్ దుమ్ము పీలిస్తే క్యాన్సర్ రావచ్చని యూరప్ దేశాలు జాబితాలో పెట్టాయి. ఇప్పుడు నారింజ రంగు నుంచి ఆకుపచ్చకు మారే కోబాల్ట్ లేని గుళ్ళు వస్తున్నాయి. నీలం వాటిని వంటింటి దరిదాపులకు రానివ్వకండి.

ఆ నీలం గుళ్ళను మనం రోజూ దారిలో దాటిపోతూనే ఉంటాం. కన్జర్వేటర్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ దేనినైనా కంచె బయట నిలబడి చూడండి. కన్జర్వేటర్ అంటే పైన అడ్డంగా పడుకోబెట్టిన చిన్న పీపా. దాంట్లోంచి ఒక గొట్టం కిందికి దిగి ఉంటుంది. దాని చివర గాజు సీసా లాంటిది, అందులో నీలం గుళ్ళు. బ్రీదర్ అంటారు. పేరుకు తగ్గట్టే ట్రాన్స్‌ఫార్మర్ ఊపిరి తీసేది దీనిగుండానే. పొలాల్లో మోటార్లు నడిచేటప్పుడు లోపలి నూనె వేడెక్కి వ్యాకోచిస్తుంది, పీపాలో గాలి బయటికి పోతుంది. లోడు తగ్గగానే నూనె చల్లబడి కుంచించుకుంటుంది, బయటి గాలి లోపలికి వస్తుంది. వానాకాలం సాయంత్రం ఒక్కసారి జల్లు పడితే, ఆ చల్లదనానికి ట్రాన్స్‌ఫార్మర్ గట్టిగా ఊపిరి పీలుస్తుంది. పీల్చే గాలి మాత్రం రోజంతటిలోకీ తడిది. ఆ తడి నూనెలో కలిస్తే విద్యుత్తును ఆపే దాని శక్తి పడిపోతుంది, తీగలకు చుట్టిన కాగితం నానుతుంది, ఒకనాటికి లోపల మెరుపు లేచి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది.

బ్రీదర్ కట్టుబడి చూస్తే చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. సీసా కింద ఇంకో చిన్న గిన్నె ఉంటుంది, అందులో కాస్త నూనె. లోపలికి వచ్చే గాలి ముందు ఆ నూనెలో బుడగలుగా మునిగి దుమ్మును అక్కడ వదిలిపెడుతుంది. తర్వాత గుళ్ళ మధ్యగా పైకి ఎక్కుతూ తేమను వదిలిపెడుతుంది. అప్పుడుగానీ పీపాలోకి చేరదు. ట్రాన్స్‌ఫార్మర్ ఊపిరి తీయని వేళల్లో ఆ నూనే బిరడాగా అడ్డం నిలుస్తుంది. దాంతో గుళ్ళు ఊళ్ళోని గాలినంతా ఎండబెట్టే పని పెట్టుకోకుండా, ట్రాన్స్‌ఫార్మర్ పీల్చే గాలినే ఎండబెడతాయి. ఆ గిన్నెలో నూనె లేకపోతే కొత్త గుళ్ళు కూడా త్వరత్వరగా నిండిపోతాయి. కదిలే భాగం ఒక్కటీ లేదు.

పైగా అది లోపాన్ని కూడా చెబుతుంది. గాలి కింద నుంచి వస్తుంది కనుక గుళ్ళు కింద నుంచి గులాబీ కావాలి. పైన ముందు గులాబీ అయితే గాలి సీసాగుండా రావడం లేదు, పై గొట్టం అతుకులోనో గ్యాస్కెట్లోనో సందు పడిందన్నమాట. అనుభవం ఉన్న లైన్‌మన్ మీటరేదీ పట్టకుండా రోడ్డు మీద నుంచే ఇది చదవగలడు. నిండిన గుళ్ళను తీసి, వేడి చేసి నీలం తెప్పించి మళ్ళీ పోయవచ్చు. ఖర్చు దాదాపు ఏమీ లేదు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ మార్చే దాకా ఎన్ని ఎకరాల పైరు ఎండుతుందో రైతులకు చెప్పనక్కరలేదు.

మీ వీధిలో, మీ పొలం దగ్గర ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ సీసాను ఈ వానాకాలం ఒకసారి దూరం నుంచి చూడండి. సగానికి పైగా గులాబీ రంగు ఎక్కినా, గిన్నెలో నూనె కనిపించకపోయినా, మీరు కంచె దాటకుండా లైన్‌మన్‌కు కబురు చేయండి.